రెవ్ రేట్: ముందు పట్టు, తర్వాతే లేఅవుట్

టెన్‌పిన్ బౌలింగ్‌లో బంతి మరీ ఎక్కువగా తిరుగుతోందనో, అసలు తిరగడం లేదనో బంతులకు రంధ్రాలు చేసే ప్రో షాప్‌కు వెళ్లే బౌలర్లు చాలామంది ముందు లేఅవుట్ (బంతిలో రంధ్రాలు ఏ చోట ఉండాలన్న అమరిక) మార్చమంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది పట్టు. చేతి నుంచి విడివడే క్షణంలో బంతి నిమిషానికి ఎన్ని చుట్ల వేగంతో తిరుగుతోందో అదే రెవ్ రేట్. అది చేతిలోనే తేలిపోతుంది. లేఅవుట్ పని ఆ తర్వాతే మొదలవుతుంది.

మాల్‌లో ఆడేందుకు ఇచ్చే బంతికి సాధారణంగా కన్వెన్షనల్ గ్రిప్ ఉంటుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా దిగుతాయి. ఫింగర్‌టిప్ గ్రిప్‌లో అవి మొదటి కణుపు దగ్గరే ఆగుతాయి. బొటనవేలు ముందు జారిపోయాక ఆ రెండు వేళ్లు బంతిని లేపుతూ తిప్పుతాయి. ఫింగర్‌టిప్‌లో ఆ పని సులువు. ఆ వేళ్ల రంధ్రాలకూ బొటనవేలి రంధ్రానికీ మధ్య దూరం, అంటే స్పాన్, మరీ ఎక్కువైతే బొటనవేలు ఇరుక్కుంటుంది, రంధ్రం వదులైతే బౌలర్ బంతిని నొక్కిపట్టుకుంటాడు. ఎలా చూసినా నష్టపోయేది చుట్లే. రంధ్రం వాలు, అంటే పిచ్ కూడా చిన్న విషయం కాదు. బొటనవేలి రంధ్రం అరచేతి వైపు వాలితే వేలు ఆలస్యంగా బయటికొస్తుంది, అవతలికి వాలితే త్వరగా వస్తుంది.

ఇక లేఅవుట్. బంతి లోపలి బరువు దిమ్మె అయిన కోర్ పైభాగం ఎటుందో చెప్పే రంగు చుక్క పిన్. సిమెట్రిక్ కోర్ బంతిలో దాన్ని బంతి తిరిగే ఇరుసు కొసకు సుమారు 3⅜ అంగుళాల దూరంలో ఉంచితే ఫ్లేర్ బాగా పెరుగుతుంది. అంటే చుట్టుచుట్టుకూ, లేన్‌కు పూసిన నూనె అంటని భాగం దాన్ని తాకి, రాపిడి ఎక్కువవుతుంది. ఇరుసు కొసకు మరీ దగ్గరగానో, 6¾ అంగుళాల దూరంలోనో ఉంచితే ఫ్లేర్ దాదాపు ఉండదు. చేయి ఇచ్చిన చుట్లు ఎక్కడ ఖర్చు కావాలో లేఅవుట్ నిర్ణయిస్తుందే తప్ప, చేయి ఇవ్వని చుట్లను తెచ్చిపెట్టలేదు.

ఆస్ట్రేలియాకు చెందిన జేసన్ బెల్మాంటే రంధ్రంలో బొటనవేలు పెట్టకుండా రెండు చేతులతో వేసి 15 మేజర్ టైటిళ్లు గెలిచాడు. అమెరికాకు చెందిన వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ అంతకంటే ఎంతో తక్కువ చుట్లతో, దాదాపు నేరుగా వేసి ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం (పీబీఏ) టైటిళ్లు 47 సాధించాడు. ఒకరి లేఅవుట్ ఇంకొకరికి ఇచ్చినంత మాత్రాన ఇద్దరూ ఒకరిలా ఒకరు వేయలేరు. విలియమ్స్‌ను చూశాక రెవ్‌లు ఎక్కువుంటేనే గెలుపన్న మాటను నేను ఒప్పుకోలేను.

అమెరికాలో బౌలింగ్ నియమాలు చూసే యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి బంతి బరువును సరిదిద్దేందుకు అదనంగా చేసే బ్యాలెన్స్ రంధ్రాన్ని నిషేధించింది. దాంతో లేఅవుట్‌కున్న ఒక వెసులుబాటు పోయింది. కాబట్టి కొత్త లేఅవుట్‌కు డబ్బు పెట్టేముందు, మీ వేళ్లు బంతిలో ఉండగా డ్రిల్లర్ చేత స్పాన్, పిచ్ కొలిపించండి.