దైవావేశమా, దేవుని ఊపిరా?

బైబిలు దైవప్రేరితమైన గ్రంథమని క్రైస్తవులు ఎందుకు నమ్ముతారు? ఈ ప్రశ్నను మతతత్త్వవేత్తలు తమ పద్ధతిలో చర్చించారు. ఈ వ్యాసంలో మేము దీన్ని భాష వైపు నుంచి పరిశీలించదలచాం. అందుకు ధర్మపురి ప్రాంతం అనువైనది. ధర్మపురిలోనూ, 2004లో దాని నుంచి విడివడిన కృష్ణగిరి జిల్లాలోనూ ఇంట తెలుగు, బడిలో తమిళం అనేది ఎన్నో కుటుంబాల స్థితి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత అక్కడి పిల్లలకు తమిళం తప్పనిసరి పాఠ్యభాగమైంది. ఈ కుటుంబాల్లోని క్రైస్తవ విద్యార్థికి తెలుగు బైబిలూ తమిళ బైబిలూ రెండూ అందుబాటులో ఉంటాయి. దైవప్రేరణకు ఆధారంగా చూపే ప్రధాన వాక్యాన్ని అతను రెండింటిలోనూ చదివితే, అవి ఒకే సంగతి చెప్పడం లేదని గమనిస్తాడు.

ఆ వాక్యం తిమోతికి రాసిన రెండవ పత్రికలో 3వ అధ్యాయం 16వ వచనం. గ్రీకు మూలంలో అక్కడ 'థెయొప్న్యూస్టోస్' అనే విశేషణం ఉంది. మొదటి భాగానికి అర్థం దేవుడు. రెండో భాగం ఊదడం, శ్వాసించడం అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చింది. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట మరెక్కడా లేదు. కాబట్టి పోల్చి చూసుకోవడానికి అనువాదకుడికి మరో ప్రయోగం దొరకదు. చిరకాలంగా వాడుకలో ఉన్న తెలుగు బైబిలు దీన్ని 'దైవావేశము' అంది. తమిళ బైబిలు 'దేవ ఆవి' అనే మాటనూ, అనుగ్రహించడమనే అర్థమున్న 'అరుళ్' ధాతువునూ కలిపి వాడింది.

తమిళంలో 'ఆవి' అంటే ఊపిరి, ప్రాణం, ఆత్మ, పొగలా లేచే ఆవిరి. మన 'ఆవిరి' దీనికి సోదరపదమే. గ్రీకు 'ప్న్యూమా', హీబ్రూ 'రూఆహ్' కూడా గాలి, ఊపిరి, ఆత్మ అనే అర్థాలను ఒకే మాటలో ఇముడ్చుకున్నవి. తమిళ క్రైస్తవులు 'పరిశుద్ధ ఆవి' అన్నచోట తెలుగువారు 'పరిశుద్ధాత్మ' అన్నారు. సంస్కృత 'ఆత్మన్' శబ్దానికి మూలంలో శ్వాసార్థం ఉందని వ్యుత్పత్తికారులు చెబుతారు గాని, నేటి తెలుగువారి చెవికి అది వినిపించదు.

'ఆవేశం' సంగతి ఇంకా చిక్కైనది. లోపలికి ప్రవేశించడం దాని ధాత్వర్థం. తెలుగులో అది మూడు దారులు పట్టింది. ఒకటి పూనకం. రెండోది, మన సాహిత్య విమర్శలో వినిపించే కవితావేశం. మూడోది ఉద్రేకం, కోపం. 'ఆవేశపడకు' అన్నప్పుడు మనం వాడేది ఈ మూడో అర్థమే. తమిళంలోనూ ఈ మాట ఆ వైపే మొగ్గింది. అందుచేత నేటి విద్యార్థి 'దైవావేశము' అంటే దేవుని ఆగ్రహమేమోనని ఒక క్షణం తడబడితే ఆ తప్పు అతనిది కాదు.

అసలు ఇబ్బంది మొదటి అర్థంతో వస్తుంది. ఆవేశానికి ఆశ్రయం మనిషి. అమ్మవారు పూనేది మనిషిని, తాటాకును కాదు. గ్రీకు విశేషణం చేరింది రాసిన మనిషికి కాదు, లేఖనానికి. 'దైవావేశము' అనగానే మన దృష్టి గ్రంథం మీది నుంచి రచయిత మీదికి, అతని మనఃస్థితి మీదికి మళ్లుతుంది. తమిళం కూడా దీని నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. జాతరల్లో 'అరుళ్' వచ్చి ఊగడం, 'అరుళ్‌వాక్కు' పలకడం ధర్మపురివారికి తెలియని సంగతులు కావు. అయితే 'అరుళ్' అనుగ్రహమనే అర్థాన్ని బలంగా నిలుపుకుంది.

ఇది మాటల పట్టింపు మాత్రమేనా? కాదని మా అభిప్రాయం. పూనకం వచ్చిన మనిషి తన మాట తాను పలకడు. తర్వాత అడిగితే తనకేమీ తెలియదంటాడు. బైబిలు రచయితలు అలా కనిపించరు. లూకా తన సువార్త మొదట్లోనే, అన్నీ జాగ్రత్తగా విచారించి క్రమంగా రాస్తున్నానని చెబుతాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, ఫలానా వారికి తప్ప ఇంకెవరికైనా బాప్తిస్మమిచ్చానో లేదో గుర్తులేదంటాడు. అదే పత్రికలో మరోచోట, ఇది ప్రభువు మాట కాదు, నా మాట అని విడదీసి చెబుతాడు. ఈ మతిమరుపు, ఈ విచారణ, ఈ విభజన పూనకానికి పొసగవు.

పేతురు రెండవ పత్రిక 1వ అధ్యాయం 21వ వచనంలో ఇదే విషయం చెప్పేటప్పుడు తెలుగు బైబిలు ఆవేశాన్ని వదిలి 'ప్రేరేపించు' అనే క్రియను వాడటం గమనించదగ్గది. అక్కడి గ్రీకు క్రియకు మోయబడడం, కొట్టుకుపోవడం అని అర్థం. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో గాలికి కొట్టుకుపోయిన ఓడ గురించి చెప్పినప్పుడు వాడిన క్రియ కూడా ఇదే. ఓడ ఓడగానే ఉంటుంది, నడిపేది గాలి. ఈ విధంగా ఒకే తెలుగు గ్రంథంలో దైవప్రేరణకు రెండు నమూనాలు పక్కపక్కనే ఉన్నాయి.

చరిత్రలోనూ ఈ రెండు నమూనాల మధ్య పెనుగులాట జరిగింది. 2వ శతాబ్దంలో అథెనాగొరాస్ ప్రవక్తలను పరిశుద్ధాత్మ ఊదే వేణువుతో పోల్చాడు. అదే శతాబ్దంలో ఫ్రిజియాకు చెందిన మాంటనస్ ఒళ్లు మరిచి పలికే ప్రవచనాన్ని ప్రచారం చేయగా సంఘం అతన్ని నిరాకరించింది. 1965లో రెండవ వాటికన్ మహాసభ దైవవాక్కును గురించిన తన ప్రకటనలో, మానవ రచయితలను నిజమైన రచయితలుగానే గుర్తించింది.

ఈ విషయం తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్త కాదు. గజేంద్రమోక్షంలోని ఒక పద్యం పోతనకు కుదరకపోతే రాముడే ఆయన రూపంలో వచ్చి పూర్తిచేసి వెళ్లాడని కథ. కాని పోతన తన గురించి తాను చెప్పుకున్నది వేరు. పలికించేది రామభద్రుడని ఒప్పుకుంటూనే పలికేవాడిగా తాను నిలబడ్డాడు. బైబిలు రచయితల స్థితి ఆ కథకన్నా పోతన మాటకే దగ్గర.

ఇక నమ్మకానికి కారణాలు. గ్రంథమే తాను దైవప్రేరితమని చెబుతోందన్నది సాధారణంగా మొదట వినిపించే కారణం. తన సాక్ష్యం తానే చెప్పుకోవడం తర్కంలో నిలవదన్న ఆక్షేపణ సరైనదే. పైగా ఈ వచనంలో గ్రీకు వాక్యానికి క్రియ లేదు. 'లేఖనమంతా దైవప్రేరితం' అనీ, 'దైవప్రేరితమైన ప్రతి లేఖనమూ' అనీ రెండు విధాలా అన్వయించవచ్చు. తమిళ బైబిలు మొదటి అన్వయం చేసింది. తెలుగు బైబిలు 'కలిగిన' అనే విశేషణరూపంతో రెండోదాన్ని ఎంచుకుంది. ఇంగ్లీషులోనూ 1611 నాటి అనువాదం మొదటి దారిని, 1881లో వచ్చిన సవరణ ప్రతి రెండో దారిని పట్టాయి. తమిళం చదివినవారు దాన్ని ప్రకటనగా వింటారు. తెలుగు చదివినవారికి 'ఏ లేఖనం?' అనే ప్రశ్న మిగులుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క వచనంలో దొరకదు. యేసు తన ఉపదేశాల్లో హీబ్రూ లేఖనాలను ప్రమాణంగా చూపాడన్నది క్రైస్తవుల రెండో కారణం. సంఘాలు తరతరాలుగా చదివి, కొన్నిటిని నిలుపుకొని కొన్నిటిని వదిలాయన్నది మూడోది. కొత్త నిబంధనలోని 27 పుస్తకాలను మాత్రమే పేర్కొన్న అథనాసియస్ లేఖ 367 నాటిది. నాలుగోది కాల్విన్ చెప్పిన అంతరంగ సాక్ష్యం. తీపినీ చేదునూ నాలుక గుర్తుపట్టినట్లు విశ్వాసి మనసు లేఖనాన్ని గుర్తిస్తుందని ఆయన వాదం. ఈ చివరిది నమ్మనివారిని ఒప్పించే యుక్తి కాదు, నమ్మినవారి అనుభవ వర్ణన. మా దృష్టిలో వచనం నమ్మకానికి పునాది కాదు. అప్పటికే పుట్టిన నమ్మకానికి అది పేరు పెట్టింది.

ఈ నమ్మకం అనువాదాన్ని అడ్డుకోకపోవడం మరో విశేషం. మీమాంసకులకు వేదం అపౌరుషేయం. అక్కడ శబ్దమూ స్వరమూ మార్చరానివి. ముస్లింలకు అరబీ మూలమే ఖురాన్. యేసు మాట్లాడిన అరమేయిక్‌లో కాక గ్రీకులో సువార్తలు మనకు చేరాయి. అంటే అనువాదం మొదటినుంచీ ఉంది. తమిళ కొత్త నిబంధన 1715 నాటికి తరంగంబాడిలో అచ్చయింది. బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలో మద్రాసులో చేసిన తెలుగు అనువాదం రాతప్రతిగానే ఉండిపోయింది. విశాఖపట్నంలో దెగ్రాంజి ఆనందరాయర్ సహాయంతో చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో వెలువడ్డాయి. పూర్తి తెలుగు బైబిలు 1854లో వచ్చింది. ఆ తర్వాతా సవరణలు ఆగలేదు. ఏ ఒక్క తెలుగు మాటా మార్చరానిదని ఆ విశ్వాసులు అనుకోలేదనడానికి ఈ సవరణలే నిదర్శనం.

అందుచేత 'దైవావేశము' అనే మాటను ప్రశ్నించడం గ్రంథాన్ని ప్రశ్నించడం కాదు. విశ్వాసి అయిన విద్యార్థి దీనికి జంకనక్కరలేదు. విశ్వాసి కాని విద్యార్థి కూడా క్రైస్తవుల నమ్మకాన్ని పూనకంగా లెక్కగట్టి తోసివేయడం సరికాదు. కొట్టివేయదలిస్తే ముందు వారు నిజంగా నమ్మేదేమిటో తెలుసుకోవాలి. తెలుగులో 'ఊపిరి పోయు' అనే చక్కని నుడికారం ఉంది. ఆదికాండంలో దేవుడు మట్టిబొమ్మకు ఊపిరి పోస్తాడు. మట్టి మట్టిగానే ఉంటుంది, మనిషి బతుకుతాడు. 'దేవుడు ఊపిరి పోసిన లేఖనం' అంటే గ్రీకు విశేషణం లేఖనాన్నే అంటిపెట్టుకుంటుంది, రచయిత మానవత్వమూ చెదరదు. తమిళ 'ఆవి'ని పక్కన పెట్టుకుని చదివే ధర్మపురి విద్యార్థికి ఈ మాట తట్టడం తేలిక. రెండు భాషల మధ్య బతకడం లోటు కాదనడానికి ఇది ఒక ఉదాహరణ.