‘లండన్ శీతోష్ణస్థితి’ - రెండు గ్రంథముల పరిశీలన

మేఘములకు క్యుములస్, స్ట్రాటస్, సిర్రస్ అను పేర్లు పెట్టినవాడు ల్యూక్ హోవర్డు అని ఉపాధ్యాయులు పెక్కుమంది ఎరుగుదురు. ఆయన వృత్తి రసాయనిక ద్రవ్యముల తయారీ. పట్టణము పెరిగినచో అచటి గాలి వేడిమి మారునని అంకెలతో చూపిన తొలి గ్రంథకర్తయు ఆయనయే. ‘లండన్ శీతోష్ణస్థితి’ అను ఆ గ్రంథము 1818, 1820 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడి, 1833 నాటికి మూడు సంపుటములుగా పెరిగినది. అదే పేరుతో 1965లో టి. జె. చాండ్లర్ మరియొక గ్రంథము ప్రకటించెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో, నగరముల వేడిమిని గూర్చి మనము సామాన్యముగా చేయు పొరపాట్లు తేటపడును.

హోవర్డు పద్ధతి సులభమైనది. నగరములోని సోమర్సెట్ హౌస్‌లో రాయల్ సొసైటీవారు వ్రాసియుంచిన ఉష్ణోగ్రతలను, నగరము వెలుపల ప్లేస్టో, టాటెన్‌హాం మున్నగు చోట్ల తాను కొలిచిన వానితో పోల్చెను. పల్లెపట్టున సగటు 48.50 ఫారన్‌హీట్ డిగ్రీలు కాగా, నగరమధ్యమున 50.50 అని తేల్చెను. అంతటితో ఆగక ఆయన పగటిని, రాత్రిని వేరుచేసెను. రాత్రి నగరము 3.70 డిగ్రీలు వెచ్చన, పగలు 0.34 డిగ్రీ చల్లన! సగటు మరుగుపరచిన సత్యము ఇట్లు బయటపడినది. గ్రంథమునకు ప్రాణము ఇదియే.

కారణములు చెప్పుటలోను ఆయన చూపు సూక్ష్మమైనది. పొయ్యిలును జనమును వెలువరించు వేడిమి, ఎదురెదురు గోడలు పరస్పరము వేడిని అందుకొనుట, కట్టడములు గాలిని అడ్డగించుట, ఆవిరియగుటకు నేలలో తడి లేకుండుట - ఈ నాలుగును నేటి గ్రంథములలోను కలవు.

అయినను లోపములు లేకపోలేదు. ఉష్ణమాపకములను అన్నిచోట్ల ఒకే తీరున అమర్చు కట్టుబాటు ఆనాడు లేదు. నేడు వాడుకలోనున్న స్టీవెన్సన్ పెట్టె 1860 తరువాతగాని రాలేదు. కావున 3.70ని నమ్మవచ్చునుగాని, 0.34 వంటి చిన్న భేదము అమరిక దోషమువలననే కలిగియుండవచ్చును. రెండవది, ఆయన పొయ్యిల వేడిమికి మిక్కిలి ప్రాధాన్యమిచ్చెను. ఇటుకలు, రాళ్లు పగలు దాచుకొన్న ఎండవేడిని రాత్రి మెల్లగా విడుచుట ఎంత ముఖ్యమో తరువాతి పరిశోధనలు తెలిపినవి. మూడవది, నగరమంతయు ఒకే తీరుగా నున్నట్లు పాఠకునకు తోచును.

ఈ మూడవ లోపమును చాండ్లర్ తీర్చెను. మోటారుకారులో ఉష్ణమాపకముతో వీధులవెంట తిరిగి కొలిచెను. నగరమందలి వేడిమి భేదములను పటములుగా చూపెను. 1959 మే 14 రాత్రి పటమున నగరమధ్యమునకు, శివార్లకు సుమారు 6 సెంటిగ్రేడ్ డిగ్రీల తేడా కనుపించును. అయితే ఇట్టి పెద్ద భేదములు గాలి మెదలని నిర్మలమైన రాత్రులలో కలుగునవి. వానిని ప్రతిదినపు భేదములుగా బోధింపరాదు.

రెండు గ్రంథములును నగరమునకు, పల్లెకు గల ‘భేదమును’ చెప్పినవి. ఏండ్లు గడచినకొలది ఆ భేదము ‘పెరుగుట’ వేరు విషయము. ఫిల్ జోన్స్, డేవిడ్ లిస్టర్‌లు 2009లో లండన్ లెక్కలనే పరిశీలించిరి. నడిబొడ్డున నున్న సెయింట్ జేమ్స్ ఉద్యానము పల్లెలకంటె వెచ్చనిదే. కాని 1900 నుండి అది వేడెక్కిన వేగము చుట్టుపట్ల పల్లెలకంటె అధికము కాదు. ఆ నడిబొడ్డు అప్పటికే కట్టడములతో నిండియుండెను గదా! భూమి వేడెక్కుచున్నదనుట పట్టణములలో కొలుచుటవలన కలిగిన భ్రమ అనువారికి ఇది తగిన సమాధానము. కాని నిన్నటి చెరువులు, తోటలు నేడు వీధులగుచున్న పట్టణములో ఆ భేదము ఏటేట పెరుగవచ్చును. లోకమంతటికి కలుగు తాపమునకు అది అదనపు బరువు.

ఆ బరువు మోయునది ముఖ్యముగా రాత్రి. 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున వడగాడ్పులకు సుమారు 15,000 మంది మరణించిరి. పారిస్‌లో రాత్రులు చల్లబడక, వృద్ధుల దేహములకు విశ్రాంతి చిక్కకపోయెను. పగటి గరిష్ఠోష్ణోగ్రతను మాత్రమే చూచి వేసవి తీవ్రతను నిర్ణయించువారు హోవర్డును మరల చదువవలెను.

ఉపాధ్యాయులు రెండు ఉష్ణమాపకములను ఒకే తీరున నీడలో అమర్చి, ఒకటి బజారులోను, ఒకటి ఊరిబయటను ఉంచి, తెల్లవారుజామున విద్యార్థులచే చూపింపవచ్చును. రెండు వందల ఏండ్లనాటి గ్రంథము వారికి అప్పుడు కొత్తదిగా తోచును.