దేవుడు లేని నెమ్మది: గోరా గ్రంథముపై ఒక విమర్శ

దేవుని నమ్మనివారికి మనశ్శాంతి ఉండదనే మాట మన ప్రసంగాలలో తరచుగా వినబడుతుంది. నిజాంపేట అపార్టుమెంట్లలో ఐ.టి. ఉద్యోగుల మధ్య సేవచేసే కాపరి ఈ మాట పలుకక ముందు, గోరా (1902–1975) 1951లో ఆంగ్లములో ప్రచురించిన 'యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ' చదవడం మంచిది.

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరా, నెమ్మదిని ధ్యానములో వెదకలేదు. దేవునిమీద, విధిమీద భారం వేయని మనిషి తన బాధ్యత తానే మోస్తాడని, సమానత్వం అక్కడే మొదలవుతుందని ఆయన వాదన. ఆయన కుమార్తె మనోరమకు దళిత యువకునితో వివాహము నిశ్చయమైంది. దేవుని పేరుకు బదులు సత్యము పేర దానిని జరిపించడానికి గాంధీజీ అంగీకరించారు. ఆయన హత్యానంతరం, 1948 మార్చిలో, సేవాగ్రామ్‌లో ఆ వివాహము జరిగింది. మాటకూ క్రియకూ ఎడములేని ఈ జీవితములోని నెమ్మదిని కాదనలేము. రోమా 2:14-15 ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము కానక్కరలేదు. కులము చూచి సంబంధాలు కలుపుకొనే మన సంఘాలకు మాత్రం ఇది గద్దింపు.

అయితే ఒక ప్రశ్నకు ఈ వాదనలో జవాబు దొరకదు. బాధ్యతలో తప్పిపోయినవాని సంగతేమిటి? కీడుకు గురైనవాడు మరణించాక, కీడు చేసినవానిని క్షమించేదెవరు? గోరా చూపినది నిలువగలిగినవాని నెమ్మది. యోహాను 14:27లోని శాంతి, ఆ రాత్రే పారిపోనున్న శిష్యులకు ముందుగా ఇయ్యబడినది.

కనుక నాస్తికునికి శాంతి లేదని నిరూపించడం మన పని కాదు. పడిపోయినవానికి మన సంఘములో చోటున్నదా అన్నదే మనము జవాబు చెప్పవలసిన ప్రశ్న.