ఏజెన్సీ స్థలం ఎందుకంత చౌక?

ఖమ్మంలో ఎప్పుడో 15 లక్షలకు కొన్న ఇల్లు ఇవాళ 90 లక్షలు పలుకుతోందనుకుందాం. అద్దె నెలకు 15 వేలు. కొన్న ధర మీద లెక్కేస్తే ఏడాదికి 12 శాతం. యజమానికి తృప్తిగానే ఉంటుంది. కానీ ఇవాళ ఆ గోడల్లో ఉన్నది 90 లక్షలు. దాని మీద వచ్చేది 2 శాతమే, ఇంటిపన్ను, మరమ్మతులు అందులోంచే పోవాలి. కాబట్టి అమ్మి ఇంకోచోట పెడదామనుకోవడం సబబే. నా భయమల్లా ఆ సొమ్ము భద్రాచలం వైపు మళ్లడం గురించే.

అక్కడి చౌకకు కారణం ఉంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ఏజెన్సీ అని పిలిచే షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన వన్ ఆఫ్ సెవెంటీ ప్రకారం అక్కడ గిరిజనేతరుడి పేరున స్థిరాస్తి బదిలీ చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. చేతికొచ్చేది నోటరీ కాగితం: నాలుగు హద్దులు, ఇద్దరు సాక్షుల సంతకాలు, ఒక ముద్ర. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఆ లావాదేవీ జాడే కనిపించదు. రేపు అమ్మాలంటే అలాంటి కాగితాన్నే నమ్మే మనిషి దొరకాలి. పైగా గోదావరి ఒకటుంది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది.

అంతమంది ఇళ్లు, లాడ్జీలు కట్టుకోలేదా అంటారు. వాళ్లలో కొందరివి చట్టానికి ముందునాటి ఆస్తులు. మిగతావాళ్ల ధైర్యం మనకు హక్కు పత్రం కాదు. చట్టం ఎప్పటికైనా పోతుందన్న ఆశ కూడా నిలవదు. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గిరిజనుడే ఇష్టపడి అమ్ముతున్నాడు కదా అన్న వాదన కాస్త బలమైనదే. కానీ అప్పుకు, ఆసుపత్రి ఖర్చుకు కోయ రైతు భూమి వదులుకునే ఇష్టం ఎలాంటిదో చూసే ఆ చట్టం తెచ్చారు. ఆ భూమి పోతే అతనికి ఖమ్మంలో అద్దె తెచ్చే ఇల్లేమీ లేదు.

మరి సొమ్మెక్కడ పెట్టాలి? ఇల్లు అమ్మిన లాభంతో రెండేళ్లలోపు మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా పన్ను మినహాయింపు ఉంది. ఖాళీ జాగా కొని వదిలేస్తే లేదు. ఆరు నెలల్లోపు 50 లక్షల వరకు ప్రభుత్వ రంగ సంస్థల పన్ను మినహాయింపు బాండ్లలో పెట్టొచ్చు, ఐదేళ్లు కదపకూడదు. రెండిళ్లున్నవాళ్లు అద్దె తక్కువొచ్చేదాన్ని అమ్మి, లాభంలో కొంత బాండ్లలో పెట్టి, మిగతాదానితో రిజిస్ట్రేషన్ అయ్యే చోట, అద్దెకు మనుషులొచ్చే వీధిలో చిన్న ఇల్లు చూసుకోవడం నాకు మేలనిపిస్తుంది. బయానా ఇచ్చేముందు ముప్పై ఏళ్ల ఈసీ తీయించాలి.