ఆంగ్ల వ్యాకరణంలోని నామ, సర్వనామ విభజన – తెలుగు బోధనకు అన్వయం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆంగ్ల వ్యాకరణం నామవాచకాలను, సర్వనామాలను విభజించే పద్ధతినే తెలుగు బోధనలోనూ అనుసరించడం పరిపాటి అయింది. ఆ విభజనకు ఆంగ్లంలో ఉన్న ప్రయోజనమేమిటి, అది తెలుగుకు ఎంతవరకు వర్తిస్తుంది అన్న విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నామవాచకం, సర్వనామం, మహత్తు, త్రికం, వ్యాకరణ బోధన.

1. ఉపోద్ఘాతం:
సిద్దిపేట జిల్లా వర్గల్ గుట్టపై ఉన్న విద్యాసరస్వతి ఆలయానికి పిల్లలకు అక్షరాభ్యాసం చేయించేందుకు తల్లిదండ్రులు దూరప్రాంతాల నుంచి వస్తారు. అక్కడ తెలుగు అక్షరం దిద్దిన బిడ్డ బడిలో ఆంగ్ల మాధ్యమంలో చదువుతాడు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. 2018 నాటి చట్టం తెలుగును తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. అంటే ఒకే విద్యార్థి రెండు భాషల వ్యాకరణాలనూ ఏకకాలంలో నేర్చుకుంటున్నాడు. ఒక భాష కొలతతో మరో భాషను కొలిస్తే నష్టపోయేది ఆ విద్యార్థే.

2. నామవాచక విభజన:
నెస్‌ఫీల్డ్, ఆ తరువాత రెన్, మార్టిన్ రచించిన పాఠ్యగ్రంథాల ద్వారా సంజ్ఞ, జాతి, సముదాయ, ద్రవ్య, భావవాచకాలనే ఐదు రకాలు మన పాఠశాలల్లో స్థిరపడ్డాయి. ఆంగ్లంలో ఈ విభజన నిష్ప్రయోజనం కాదు. సంజ్ఞావాచకం పెద్ద అక్షరంతో మొదలవుతుంది. సాధారణంగా దానికి ముందు ఉపపదం చేరదు. ద్రవ్యవాచకం సాధారణంగా బహువచనం పొందదు. పేరు వెనుక ఒక నియమం ఉంది.

తెలుగులో ఉపపదాలు లేవు, పెద్ద అక్షరాలూ లేవు. ద్రవ్యవాచకాలు కూడా ఒకే తీరున ప్రవర్తించవు. "బంగారం కరిగింది" అంటాం. "పాలు విరిగాయి", "నీళ్లు పారాయి" అంటాం. పాలు, నీళ్లు, వడ్లు నిత్యబహువచనాలు. ఇవన్నీ ద్రవ్యవాచకాలని చెప్పినంత మాత్రాన వాక్యంలో క్రియ ఏ రూపంలో ఉండాలో విద్యార్థికి తెలియదు.

తెలుగు వాక్యాన్ని నడిపించే విభజన వేరు. "అతడు వచ్చాడు" అన్నప్పుడు క్రియ ఒక రూపంలో ఉంటుంది. "ఆమె వచ్చింది", "అది వచ్చింది" అన్నప్పుడు స్త్రీవాచకం, మనుష్యేతర వాచకం ఒకే క్రియారూపాన్ని పంచుకుంటాయి. బహువచనంలో "వారు వచ్చారు" అంటూ స్త్రీపురుషులు ఒక వైపు, "అవి వచ్చాయి" అంటూ తక్కినవి మరో వైపు చేరతాయి. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అన్న సంజ్ఞలతో వివరించినది ఈ వ్యవస్థనే. అలాగే "మేము రైతులం", "నువ్వు రైతువి" అన్న వాక్యాలలో నామవాచకమే పురుషభేదాన్ని ధరిస్తుంది. ఐదు రకాల పట్టికలో ఈ లక్షణానికి చోటు లేదు.

3. సర్వనామ నిర్వచనం:
"నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం" అన్నది మన పాఠాల నిర్వచనం. ఇందులో పేరు సంస్కృతానిది, అర్థం గ్రీకు, లాటిన్ సంప్రదాయాలది. పాణిని దృష్టిలో సర్వనామాలంటే 'సర్వ' మొదలైన ఒక గణానికి చెందిన పదాలు. 'ఏక', 'ద్వి' వంటి సంఖ్యాపదాలు కూడా ఆ గణంలో ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చినది అవి పాల్గొనే వ్యాకరణ కార్యాలే గాని బదులు నిలిచే గుణం కాదు. 'రామాయ' అన్నట్లుగా కాక 'సర్వస్మై' అనడం అందుకు ఉదాహరణ. 'సర్వ' అన్నది ఒక వ్యక్తి పేరైతే దానికి సర్వనామ కార్యాలు జరగవు.

'బదులు' అన్న భావన ఆంగ్లానికీ పూర్తిగా సరిపోదు. 1924లో యెస్పర్సన్ దానిని ప్రశ్నించాడు. 'నేను', 'నువ్వు' అన్నవి ఏ పేరుకూ బదులు కావని, మాట్లాడే సందర్భాన్ని బట్టే వాటికి అర్థం ఏర్పడుతుందని 1956లో బెన్‌వెనిస్త్ చూపాడు.

4. తెలుగు సర్వనామాల ప్రత్యేకత:
ఆంగ్లం పురుషవాచక, నిర్దేశక, ప్రశ్నార్థక సర్వనామాలను వేరువేరు అరల్లో ఉంచుతుంది. తెలుగులో వీడు–వాడు–ఎవడు, ఇది–అది–ఏది అన్నవి ఒకే అల్లికకు చెందినవి. ఆ, ఈ, ఏ అనే త్రికంతో వీటికి ఉన్న సంబంధాన్ని గమనిస్తే మూడు అరలూ ఒకటవుతాయి. 'మనం', 'మేము' అన్న భేదం ఆంగ్లంలో లేదు. వాడు, అతను, ఆయన అనే మర్యాదాక్రమమూ లేదు. మరోవైపు, ఆంగ్లంలోని సంబంధార్థక సర్వనామం చేసే పనిని తెలుగులో క్రియాజన్య విశేషణం చేస్తుంది. "నిన్న వచ్చిన అబ్బాయి" అనడం తెలుగు నుడికారం. "ఎవరైతే నిన్న వచ్చారో ఆ అబ్బాయి" అనడం అనువాద వాసన కొట్టే వాక్యం. విద్యార్థుల రాతల్లో రెండవ రకం వాక్యాలకు ఈ పట్టికల ప్రభావమూ ఒక కారణం కావచ్చు.

5. ముగింపు:
- ఐదు రకాల నామవిభజన ఆంగ్లం నేర్చుకోవడానికి ఉపయోగపడుతుంది. తెలుగు వాక్యనిర్మాణానికి అది చాలదు.
- తెలుగు తరగతిలో మహదమహద్భేదం, నిత్యబహువచనం, త్రికం ముందుగా రావాలి.
- రెండు భాషల విభజనలను పక్కపక్కన ఉంచి భేదాలను చూపితే, రెండు పాఠాలూ ఒకదానికొకటి తోడవుతాయి.

వ్యాకరణంలో వర్గీకరణకు విలువ అది వివరించే ప్రయోగం వల్లనే వస్తుంది. ఇంట్లో "పాలు విరిగాయి" అని తప్పులేకుండా పలికే బిడ్డకు తాను పాటిస్తున్న నియమమేమిటో చెప్పగలిగినప్పుడే తెలుగు వ్యాకరణ బోధన సార్థకమవుతుంది.