‘ట్రెపీజియము’ : ఒక పరిభాషావిమర్శ

ఒక ఆంగ్లపదమునకు ఒకే తెలుగు పదముండవలెనను నియమము పరిభాషాచర్చలలో తఱచుగా వినవచ్చుచుండును. ‘ట్రెపీజియము’ అను పదమును పరిశీలించినచో ఈ నియమము ఎంతవఱకు చెల్లునో తేలును. క్షేత్రగణితమున నిది యొక చతుర్భుజము పేరు. శరీరశాస్త్రమున మణికట్టునందలి ఎనిమిది ఎముకలలో బొటనవ్రేలి మొదట నుండుదాని పేరు. దాని ప్రక్కనే చూపుడువ్రేలి మొదట నున్నది ‘ట్రెపీజాయిడు’.

గ్రీకుభాషలో ట్రెపీజియమనగా చిన్నబల్ల. యూక్లిడు తాను వేఱుగా నిర్వచించిన నాలుగు విధములలో చేరని చతుర్భుజముల నన్నిటిని ఈ పేరనే వ్యవహరించెను. క్రీ.శ. 5వ శతాబ్దివాడగు ప్రోక్లసు, రెండు భుజములు సమాంతరములైనదానిని ట్రెపీజియమనియు, ఏ భుజములును సమాంతరములు కానిదానిని ట్రెపీజాయిడనియు విభజించెను. 1795లో చార్లెస్ హటన్ తన గణితనిఘంటువున ఈ రెంటిని తాఱుమాఱు చేసెను. ఇంగ్లండు పిదప పూర్వార్థమునకు మరలినది, అమెరికా మరలలేదు. కావున నేటికిని ఒకే పటమునకు ఆ రెండు దేశములలో రెండు పేర్లు.

మన ‘సమలంబ చతుర్భుజము’నకు ఈ చిక్కు లేదు. సమాంతరభుజముల నడుమ లంబము నెచట గీచినను దాని కొలత సమానమే. ఇచట లక్షణమే పేరైనది. 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతియందును సమానలంబ చతుర్భుజప్రసక్తి కలదు.

అయితే గణితమున గుణమైనదే ఎముకకు దోషమగును. ఆ ఎముక పెక్కు ముఖములుగల ఘనరూపము. దానిని ‘సమలంబాస్థి’ యన్నచో లేని లక్షణమును అంటగట్టినట్లగును. బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల కెదురుగా తిరుగుటకు తోడ్పడునది దానిపై జీనువలె వంగియున్న కీలుభాగము. ఆ విశేషమును బల్లపేరు సూచింపనే సూచింపదు. 1895 నాటి బాసెల్ నామావళి ఈ పేరును తొలగించి, ‘పెద్ద బహుకోణాస్థి’ యను నర్థమిచ్చు లాటిన్ పేరు పెట్టినది. 1955లో ఆమోదింపబడిన పారిస్ నామావళి మరల పాతపేరునే గ్రహించినది. పేరు వర్ణింపకున్నను గుర్తుగా నిలిచిన చాలునని దీనివలన తెలియుచున్నది.

ఇట్టి పేర్లు మనకును క్రొత్తవి కావు. ‘మణికట్టు’ అను మాట ఆ అవయవనిర్మాణమును చెప్పదు. అచట ధరించు ఆభరణమును తలపించును. అయినను వినువానికి సందేహము కలుగదు.

కావున పదము లక్షణవాచకమా, సంకేతమాత్రమా యనునది ముందుగా విచారింపవలెను. లక్షణవాచకమును అనువదింపవలెను, సంకేతమును ‘ట్రెపీజియము ఎముక’ యని యథాతథముగా గ్రహింపవచ్చును. పరిభాషాకర్త అనువదింపవలసినది ఆంగ్లపదమును గాదు, ఆ శాస్త్రమున దానికిగల అర్థమును.