పేరు కాదు, తేదీ అడగండి

లినక్స్ వేసుకుందామనుకునే పిల్లలు మా చండ్రుగొండలోనైనా, పక్కన కొత్తగూడెంలోనైనా మొదట అడిగేది ఒకటే: "ఏ డిస్ట్రో మంచిది బాబాయ్?" ఉబుంటునా, మింటా, ఫెడోరానా అని పేర్లు కూడా వాళ్లే వరసగా చెప్తారు. పక్క చేలో విరగపండిందని అదే విత్తనం తెచ్చి, మన నేల ఏమిటో చూడకుండా వేయడం లాంటిదే ఇది. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "నీ లాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఏ ఏడాదిది? వైఫై చిప్ ఏ కంపెనీది?" ర్యామ్ ఎంతో, స్టోరేజీ ఎంతో అందరూ టక్కున చెప్తారు. ఈ రెండూ మాత్రం ఎవరూ చెప్పలేరు. డిస్ట్రోను తేల్చేవి ఈ రెండే.

పాత లాప్‌టాప్‌తో లినక్స్‌కు పెద్దగా పేచీ ఉండదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయాక అటకెక్కాల్సిన మెషిన్లు లినక్స్‌తో మళ్లీ పనిలోకి వస్తున్నాయి. వాటిలో దాదాపు ఏ డిస్ట్రో వేసినా నడిచిపోతుంది. చిక్కంతా నిన్నమొన్న డబ్బాలోంచి తీసిన కొత్తదానితోనే. వైఫై కనబడదు, స్పీకర్ పలకదు, మూత వేస్తే నిద్రపోదు.

కారణం తెలిస్తే కోపం రాదు. విండోస్‌లో డ్రైవర్లు ఎక్కువగా చిప్ తయారీదారు దగ్గర్నుంచి విడిగా వస్తాయి. లినక్స్‌లో చాలావరకు దాని గుండెకాయ అయిన కెర్నల్ లోపలే ఉంటాయి. తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నల్ వస్తుంది, కొత్త చిప్‌లకు చోటు అందులో దొరుకుతుంది. డిస్ట్రో తయారుచేసేవాళ్లు ఏదో ఒక కెర్నల్ దగ్గర ఆగి, దాన్ని పరీక్షించి మనకిస్తారు. ఆ ఆగిన చోటు తర్వాత పుట్టిన చిప్ ఆ డిస్ట్రోకు పరాయిదే.

ఉదాహరణకు రియల్‌టెక్ 8852బీఈ అనే వైఫై చిప్ తీసుకోండి. తక్కువ ధర లాప్‌టాప్‌లలో తరచూ కనిపించేదే. దాని డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నల్‌లో చేరింది. డెబియన్ 12 విడుదలైంది ఆ తర్వాత, అదే ఏడాది జూన్‌లో. అయినా అందులో ఉన్నది 6.1 కెర్నల్. అంటే డిస్ట్రో విడుదలైన తేదీ చూసి మురిసిపోతే లాభం లేదు, లోపలి కెర్నల్ తేదీ చూడాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 6.12 ఉంది కాబట్టి ఆ చిప్‌కు ఇప్పుడు బెంగలేదు.

ఒకే పేరు మీద కూడా వేర్వేరు వయసులుంటాయి. 2024 ఏప్రిల్‌లో ఉబుంటు 24.04 వచ్చినప్పుడు దాని కెర్నల్ 6.8. తర్వాతి ఏడాది వచ్చిన 24.04.2లో 6.11, 24.04.3లో 6.14 పెట్టారు. ఉబుంటు మీద కట్టిన మింట్ కూడా అంతే: 22లో 6.8, 22.2లో 6.14. స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో ఏడాదిగా పడివున్న మింట్‌ను తెచ్చి కొత్త లాప్‌టాప్‌లో వేసి, "మింట్ పనికిరాదు" అనేస్తే అది మింట్ తప్పు కాదు. చివరి చుక్క తర్వాతి అంకె చూసుకోవాలి.

మరి అన్నిటికన్నా కొత్త కెర్నల్ ఎప్పటికప్పుడు ఇచ్చే ఆర్చ్ వేసుకుంటే పోలేదా? హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాడికి సరే. మా వైపు రోడ్డు అడవిలోకి దిగితే సిగ్నల్ సన్నబడుతుంది. ఇంట్లో నెట్ అంటే చాలామందికి ఫోన్ హాట్‌స్పాటే, రోజువారీ డేటా అయిపోతే ఆ పూటకు అంతే. నిరంతరం మారే డిస్ట్రో అప్‌డేట్లు వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీలు అడుగుతాయి. కొన్ని వారాలు ఆపి ఒక్కసారే చేద్దామంటే ఏదో ఒకచోట బెసకడం మామూలే. అందుకే కొత్త హార్డ్‌వేర్‌తో పాటు మన డేటా ప్యాక్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒకప్పుడు ఈ లెక్కలో తెలుగు కూడా ఉండేది. తెలుగులో కంప్యూటర్ కావాలంటే ప్రత్యేకంగా ఒక డిస్ట్రో తయారుచేసుకోవాల్సి వచ్చేది. 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమం తెలుగు లినక్స్ కోసం శ్రమించింది అందుకే. చెన్నై సీడాక్ తెచ్చిన బాస్ లినక్స్ కూడా తెలుగుతో సహా మన భాషలన్నిటినీ దృష్టిలో పెట్టుకుని చేసిందే. ఆ శ్రమ ఫలించి తెలుగు అక్షరాలు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఇవాళ పేరున్న డిస్ట్రోలన్నిటిలో దొరుకుతున్నాయి. కాబట్టి భాష కోసం డిస్ట్రో వెతకాల్సిన పని లేదు. బాస్ వేసుకున్నా దాని పునాది డెబియన్ కాబట్టి అదే కెర్నల్ ప్రశ్న అక్కడా వర్తిస్తుంది.

నా సలహా ఇది. లాప్‌టాప్ మోడల్ వచ్చి ఏడాది దాటితే, ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ మింట్ గానీ, చివరగా విడుదలైన అంకెది తీసుకోండి. మోడల్ మరీ కొత్తదైతే ఫెడోరా మేలు. ఆరు నెలలకో విడుదల ఉంటుంది, మధ్యలో కూడా కెర్నల్ కొత్తది వస్తుంది. కాకపోతే కొన్ని వీడియోలు ఆడాలంటే అదనపు కోడెక్‌లు, ఎన్‌విడియా కార్డు ఉంటే దాని డ్రైవర్ విడిగా దించుకోవాలి. దానికి కొంత డేటా పక్కన పెట్టుకోండి.

ఏది ఎంచుకున్నా ఇన్‌స్టాల్ నొక్కేముందు పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి చూడండి. వైఫై, స్పీకర్, మైకు, కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు తగ్గించే మీటలు వరసగా పరీక్షించండి. కెమెరాను మరవొద్దు, కొత్త ఇంటెల్ మెషిన్లలో కొన్నింట అదే ఆఖరున దారికొస్తుంది. మూత వేసి కాసేపాగి తెరవండి. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో పాత పద్ధతి గాఢనిద్ర లేదు, సంచిలో పెట్టుకుని బస్సెక్కితే దిగేసరికి బ్యాటరీ కరిగిపోవచ్చు. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కొత్త కెర్నల్ దించుకోవడానికి ఆ దారి చాలు. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే బయోస్‌లో ఇంటెల్ వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడాలి. దాన్ని మారిస్తే విండోస్ లేవకపోవచ్చు, కాబట్టి ముందే బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఫైళ్లు మరోచోట కాపీ పెట్టుకోండి.

ఇంకా కొననివాళ్లకైతే పని మరింత తేలిక. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని కొత్తగూడెమో ఖమ్మమో వెళ్లి, బూట్ చేసి చూడనిచ్చే దుకాణంలోనే కొనండి. ఇక ఏ డిస్ట్రో గొప్పదన్న వాదన ఏడాదిపాటు పక్కన పెట్టండి. ఆ తర్వాత మనసుకు నచ్చిన పేరుకు మారండి. అప్పటికి ఆ పేర్లలో చాలావరకు మీ లాప్‌టాప్‌ను గుర్తుపడతాయి.